కొత్త కారు, మన రోడ్లు: మొదటి వంద రోజులకు ఒక దారి

మా వరంగల్ వైపు కొత్త కారు కొంటే షోరూం నుంచి నేరుగా భద్రకాళి గుడికో, వీలైతే కొండగట్టుకో తీసుకెళ్తారు. పూజారి బొట్టు పెట్టి, మంత్రం చదివి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టిస్తారు. వాటి మీదుగా బండి కదిలిన క్షణం ఎంత సంతోషంగా ఉంటుందో నాకు తెలుసు. మర్నాడు పొద్దున ఒక్కడినే తాళం పట్టుకుని ఇంటి ముందు నిలబడితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో కూడా తెలుసు. పన్నెండేళ్ళు బైక్ నడిపి కారుకు మారినవాణ్ణి నేను. మొదటి మూడు నెలల్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. డ్రైవింగ్ స్కూల్‌లో క్లచ్, గేరు, స్టీరింగ్ నేర్పుతారు. మన రోడ్లను నేర్పరు. ఈ రోడ్లకు కాలాలున్నాయి. హనుమకొండ నుంచి పరకాల వెళ్ళే రోడ్డు జూన్‌లో ఒక తీరు, వడ్ల కోతలప్పుడు ఒక తీరు, మేడారం జాతరప్పుడు మరో తీరు. పొద్దున ఖాళీగా కనిపించిన చౌరస్తా సాయంత్రం ఐదింటికి గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. రైతు కార్తె చూసుకుని నాగలి కట్టినట్టు మనం నెల చూసుకుని, గంట చూసుకుని కారు తీయాలి. అందుకే ఇక్కడి అడుగులన్నీ తేలిక రోడ్డు నుంచి కష్టమైన రోడ్డుకు వెళ్తాయి. ఒక అడుగు కుదిరాకే తర్వాతిది.

మొదటి అడుగు: కారు చేతికొచ్చిన రోజు

షోరూంలో ఫొటోలు అయ్యాక డిక్కీ తెరిపించండి. స్టెప్నీ, జాకీ, వీల్ పానా, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం ఉన్నాయో లేదో కళ్ళతో చూడండి. జాకీ కారు కింద ఎక్కడ ఆనించాలో అక్కడి కుర్రాడితో వేలు పెట్టి చూపించుకోండి. డ్రైవర్ డోర్ తెరిస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లలో ఎంత గాలి, వెనక టైర్లలో ఎంత గాలి, నిండా మనుషులుంటే ఎంత అన్నది దాని మీద ఉంటుంది. పెట్రోల్ బంక్‌లో గాలి పట్టే అతను అన్ని కార్లకూ ఒకే లెక్కలో కొట్టేస్తాడు. మీ అంకె మీరు చెప్పాలి.

ఇన్సూరెన్స్ విషయంలో తొందరపడవద్దు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి బీమా, మూడేళ్ళకు కలిపి తీసుకోవాల్సిందే. సొంత కారుకు జరిగే నష్టానికి బీమా సాధారణంగా ఏడాదికి ఇస్తారు. దాన్ని ఏటా మర్చిపోకుండా కట్టుకోవాలి. అదనంగా తీసుకునే కవర్లలో ఇంజిన్ రక్షణ కవర్ మన దగ్గర తప్పకుండా తీసుకోదగ్గది. ఎందుకో వాన గురించి చెప్పేటప్పుడు అర్థమవుతుంది. యజమానే నడిపితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అందులో నామినీ పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. ఆ గడి ఖాళీగా వదిలేసిన పాలసీలు నేను చూశాను.

ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ డిజిలాకర్‌లో పెట్టుకుంటే చెకింగ్‌లో అవి చెల్లుతాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త కారుకు మొదటి ఏడాది అక్కర్లేదు. ఏడాది నిండిన రోజు నుంచి కావాలి. ఫాస్టాగ్ అద్దానికి అతికించి, మీ బండి నంబర్ దానికి జత అయ్యిందో లేదో చూసుకోండి. హైదరాబాద్ వెళ్ళే దారిలో కోమళ్ళ, గూడూరు టోల్ ప్లాజాలున్నాయి. ట్యాగ్ పని చేయకపోతే అక్కడ ఎక్కువ కట్టాల్సి వస్తుంది, వెనక బండ్లు హారన్లు మోగిస్తుంటే కొత్త డ్రైవర్‌కు చెమటలు పడతాయి.

రెండో అడుగు: కారు కొలత ఒంటికి తెలియాలి

బైక్ నుంచి వచ్చినవాళ్ళు మొదట మానుకోవాల్సింది సందు కనిపిస్తే దూరే అలవాటు. బైక్ మీద మన మోకాళ్ళే మన వెడల్పు. కారులో మన ఎడమవైపు ఇంకో నాలుగడుగుల బండి ఉందని ఒంటికి తెలియడానికి వారం పడుతుంది.

ఇంటి దగ్గర ఖాళీ స్థలమేదైనా చూసుకోండి. రెండు ఖాళీ నీళ్ళ సీసాలు కారు వెడల్పు కంటే అడుగు ఎక్కువ దూరంలో నిలబెట్టి, వాటి మధ్యలోంచి పదిసార్లు ముందుకు, పదిసార్లు వెనక్కు తీయండి. తర్వాత ఒక సీసాను ఎడమ ముందు టైరుకు అరడుగు దూరంలో పెట్టించి, సీట్లో కూర్చుని అది బానెట్ అంచున ఎక్కడ మాయమైందో గుర్తుపెట్టుకోండి. ఇక రోడ్డు అంచు ఆ గుర్తుకు వచ్చిందంటే మీ ఎడమ టైరు అంచుకు అరడుగు దూరంలోకి వచ్చినట్టే. నాకు డ్రైవింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పాఠం ఇదే.

సీటు ఎలా ఉండాలంటే, క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. పక్క అద్దాల్లో మీ కారు చాలా కొంచెంగా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డు కనిపించాలి. అయినా అద్దాల్లో పడని చోటు ఒకటి మిగులుతుంది. మన ఊళ్ళో స్కూటీలు సరిగ్గా ఆ చోటులోనే వస్తుంటాయి కాబట్టి మలుపు తిప్పే ముందు ఒకసారి భుజం మీదుగా చూడాలి.

సీటు బెల్ట్ వెనక కూర్చున్నవాళ్ళకూ పెట్టించండి. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన ఇళ్ళల్లో మామూలు. దయచేసి ఆ అలవాటు మీ కారులో మొదలుకానివ్వకండి. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతుల బలమూ ఆ బిడ్డను ఆపలేదు, పైగా ఎదురుగా ఉన్న ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ బిడ్డకే తగులుతుంది. అమ్మ నొచ్చుకున్నా, అత్తమ్మ అలిగినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకండి.

మూడో అడుగు: తెల్లవారుజామున ఊరు

మొదటి రెండు వారాలు పొద్దున ఐదున్నర నుంచి ఏడు వరకు తిరగండి. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ ఒకే ఊరిలా కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఒక్క రౌండు కొడితే అన్ని రకాల రోడ్లూ తగులుతాయి. నక్కలగుట్ట, సుబేదారి వైపు వెడల్పు రోడ్డు మీద లేన్‌లో నిలకడగా వెళ్ళడం, ఇండికేటర్ వేసి లేన్ మారడం నేర్చుకోండి. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే ఏం చేయాలో అక్కడే, ఖాళీగా ఉన్నప్పుడే నేర్చుకోవాలి. హ్యాండ్ బ్రేక్ వేయండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కి బానెట్ కొంచెం లేచినట్టవుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి హ్యాండ్ బ్రేక్ దించండి. కారు అంగుళం కూడా వెనక్కి జారకూడదు. ఇరవైసార్లు చేస్తే భయం పోతుంది.

ఖిలా వరంగల్ కూడా మంచి బడి. కోట రాతి ద్వారాలు శత్రువు నేరుగా దూసుకు రాకుండా మలుపు తిప్పి కట్టారు. ఏడు వందల ఏళ్ళు దాటినా ఆ మలుపు తన పని తాను చేస్తూనే ఉంది, ఎదురుగా వచ్చే బండి కనిపించదు. ద్వారం ముందే పూర్తిగా నెమ్మదించి, హారన్ ఒకసారి కొట్టి, మొదటి గేరులో వెళ్ళండి. లోపల ఆటో ఎదురైతే వెనక్కి తీయాల్సింది మీరే అనుకుని సిద్ధంగా ఉండండి. కాకతీయుల రాయికి మన బంపర్ తగలడం రెండింటికీ మంచిది కాదు.

నాలుగో అడుగు: పట్టపగలు ట్రాఫిక్‌లోకి

పోచమ్మమైదాన్, ఎంజీఎం ఆసుపత్రి, హనుమకొండ చౌరస్తా. ఈ మూడు చోట్ల పగటిపూట కారు ఆగిపోకుండా, ఎవరికీ తగలకుండా దాటగలిగితే మీరు ఊరికి అలవాటు పడ్డట్టే.

ఇక్కడి బండ్ల భాష నేర్చుకోవాలి. ఎదురుగా వచ్చేవాడు లైట్లు కొడితే "నువ్వు వెళ్ళు" అని కాదు, "నేను వస్తున్నా, ఆగు" అని. లారీ కుడి ఇండికేటర్ వేస్తే కుడికి తిరుగుతుండొచ్చు, లేదా మీకు సైడ్ ఇస్తుండొచ్చు. ఏదో తేలేదాకా ఓవర్‌టేక్ చేయకండి. ఎవరైనా రోడ్డు పక్కన చెయ్యి ఎత్తితే ముందున్న ఆటో ఇండికేటర్ లేకుండా ఆగుతుంది. అందుకే ఆటో వెనక వెళ్ళేటప్పుడు నేను ఆటోను కాదు, రోడ్డు పక్కన నిలబడ్డ మనుషులను చూస్తాను. ఆగిన ఆర్టీసీ బస్సు ముందు నుంచి తప్పకుండా ఎవరో ఒకరు రోడ్డు దాటుతారు. వాళ్ళు మీకు కనిపించరు, మీరు వాళ్ళకు కనిపించరు. కాలు బ్రేకు మీద పెట్టి దాటండి.

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వైపు పని ఉంటే సీజన్ చూసుకోండి. దసరా తర్వాత పత్తి, ఎండాకాలం ముందు మిర్చి. ఆ రోజుల్లో తెల్లవారకముందే ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, ట్రాలీ ఆటోలు బారులు తీరతాయి. పత్తి బస్తాలు బండి వెడల్పు కంటే రెండు వైపులా బయటికి పొంగి ఉంటాయి. వాటి పక్కనుంచి వెళ్ళేటప్పుడు మీ అద్దం మడిచి పెట్టినా తప్పులేదు.

తలుపు తీయడం గురించి ఒక్కటే. రోడ్డు పక్కన ఆపాక డ్రైవర్ డోర్‌ను ఎడమ చేత్తో తీయండి. అలా చేస్తే ఒళ్ళు తనంతట తాను వెనక్కి తిరిగి, వచ్చే బైక్ కనిపిస్తుంది. ఇంట్లో అందరికీ నేర్పండి.

ఐదో అడుగు: హైవే

మొదటి హైవే ప్రయాణం జనగామ దాకా చాలు. పగలే వెళ్ళండి, తోడుగా బాగా నడపడం వచ్చినవాళ్ళు ఒకరుండాలి. 163 నంబర్ జాతీయ రహదారి నున్నగా ఉంటుంది, వేగం ఎంత పెరిగిందో తెలియదు. 80 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 22 మీటర్లు వెళ్తుంది. ముందు బండి బ్రేకు లైటు చూసి మీ కాలు కదిలేలోపే ఒక సెకను అయిపోతుంది. ముందు బండి ఒక స్తంభం దాటాక "ఒకటి, రెండు, మూడు" అని తాపీగా లెక్కపెట్టండి. మూడు అనేలోపు మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే చాలా దగ్గరగా ఉన్నారు. వానలో ఐదు లెక్కపెట్టండి.

నాలుగు లేన్ల రోడ్డు కదా, ఎదురుగా ఎవరూ రారు అనుకోకండి. ఊరి దగ్గర డివైడర్ సందు కిలోమీటరు దూరంలో ఉంటే బైక్‌లు, ట్రాక్టర్లు రాంగ్ రూట్‌లో అంచు వెంట వస్తాయి. డివైడర్ మీద పెంచిన గన్నేరు చెట్ల వెనక మనిషి నిలబడితే కనిపించడు. ఊరి పేరు బోర్డు కనిపించగానే వేగం 60కి దించేయడం అలవాటు చేసుకోండి.

కొత్త కార్లన్నిటిలో ఏబీఎస్ ఉంటుంది, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ప్రమాదం ఎదురైతే బ్రేకు పూర్తిగా, గట్టిగా తొక్కి పట్టుకోండి. కాలి కింద గడగడమని కొట్టుకుంటుంది, భయపడి కాలు తీయవద్దు. అది పని చేస్తోందనే అర్థం. తొక్కి పట్టుకునే స్టీరింగ్ తిప్పి తప్పించుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో, వెనక ఎవరూ లేనప్పుడు ఒక్కసారి చేసి చూసుకోండి. మొదటిసారి ఆ కుదుపు ప్రమాదంలో తెలియకూడదు.

కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు, భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్లు, గోదావరి తీరం నుంచి వచ్చే ఇసుక లారీలు. వీటి వెనక దగ్గరగా వెళ్ళవద్దు. రాయి ఎగిరి అద్దం పగలడం చిన్న నష్టమే, అసలు సమస్య ముందు రోడ్డు కనిపించకపోవడం. నాలుగైదు ఇసుక లారీలు వరుసగా పోతుంటే అన్నిటినీ ఒకేసారి దాటాలని చూడకండి. ఆగి టీ తాగండి, అవి వెళ్ళిపోతాయి.

ఆరో అడుగు: పల్లె రోడ్డు, వడ్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది.

నవంబర్, కారు కొన్న రెండో నెల. పరకాల వైపు నుంచి వస్తున్నాను. సాయంత్రం ఆరున్నర దాటింది, చీకటి పడింది. ఎదురుగా బస్సు వస్తోంది, దాని లైట్లు కళ్ళల్లో పడ్డాయి. నేను ఎడమకు జరిగాను. రోడ్డు ఎడమ సగం మీద వడ్ల కుప్ప ఉంది, దాని మీద నల్ల పట్టా కప్పి ఉంది. పట్టా గాలికి లేవకుండా, బండ్లు వడ్ల మీదికి రాకుండా చుట్టూ బండరాళ్ళు పేర్చారు. నల్ల పట్టా, నల్ల డాంబర్, నల్ల రాయి. నాకు రాయి కనిపించలేదు, శబ్దం వినిపించింది. ముందు ఎడమ టైరు పక్కభాగం జానెడు చీలింది, రిమ్ము వంగింది.

కుప్ప పక్కన మంచం మీద కావలి పడుకున్న పెద్దాయన టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తాకిందా బిడ్డా?" అదే ఆయన మొదటి మాట. "లేదు తాతా, టైరే పోయింది" అన్నాను. స్టెప్నీ తీస్తే అందులో గాలి సగమే ఉంది. కొన్న రోజు చూసి మళ్ళీ చూడలేదు నేను. ఆయన మనవడు బైక్ మీద ఆ టైరు తీసుకుని మూడు కిలోమీటర్ల దూరంలో పంక్చర్ షాపుకు వెళ్ళి గాలి కొట్టించుకొచ్చాడు. నేను బయల్దేరుతుంటే పెద్దాయన అన్నాడు: "రాత్రిపూట మా వడ్లు కనవడయ్. జర పైలంగ పో బిడ్డా."

రోడ్డు మీద వడ్లు పోయడం ప్రమాదమే. కానీ ఆ రైతుకు కల్లం లేదు, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుంటే తీసుకోరు, వాన మబ్బు పడితే నాలుగు నెలల కష్టం మొలకెత్తిపోతుంది. ఆయన మీద కోపం తెచ్చుకుంటే రోడ్డు బాగుపడదు. ఆ కుప్పలు ఎప్పుడు, ఎక్కడ ఉంటాయో మనం తెలుసుకుని నడపడమే మన చేతిలో ఉన్నది.

వానాకాలం పంట కోతలు అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, యాసంగి (రబీ) కోతలు ఏప్రిల్, మే నెలల్లో. ఆ రోజుల్లో ఊరి పొలిమేర నుంచి పొలిమేర దాకా ఎడమ సగం రోడ్డు లేదనుకునే నడపండి. వేగం 40 మించవద్దు. పల్చగా ఆరబోసిన వడ్ల మీద బ్రేకు వేయకండి, స్టీరింగ్ గట్టిగా తిప్పకండి. గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి, బండి జారుతుంది. ముందే నెమ్మదించి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని మెల్లగా దాటాలి. ఎదురుగా బండి వస్తుంటే కుప్పకు ఇవతలే పూర్తిగా ఆగిపోండి. కోత మిషన్ ఎదురైతే రోడ్డంతా దానిదే, పక్కకు దిగి ఆగడమే. దిగే ముందు పక్కన మట్టి గట్టిదో మెత్తదో చూసుకోండి.

బర్రెల మంద, గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టవద్దు. బెదిరితే అవి ఎటు తిరుగుతాయో కాపరికి కూడా తెలియదు. నిలబడితే నీళ్ళలా రెండు వైపులా పాయలై వెళ్ళిపోతాయి. బర్రె రోడ్డు దాటితే వెనక దూడ ఉందేమో చూడండి. బంతి దాటితే వెనక పిల్లాడు ఉంటాడు.

ఇక టైరు మార్చడం. ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి, చీకట్లో రోడ్డు మీద మొదటిసారి చేయకూడదు. గట్టి చదును నేల చూసి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో పెట్టి, నాలుగు ఇండికేటర్లూ వెలిగేలా హజార్డ్ లైట్లు వేయండి. మనుషులందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. త్రికోణాన్ని 50 అడుగులు నడిచి పెడితే చాలదు, హైవే మీదైతే 50 మీటర్లు దాటాలి. మార్చే టైరుకు మూలగా ఉన్న టైరు కింద రాయి పెట్టండి. నట్లను కారు లేపక ముందే వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రం నట్టుతో పాటు తిరుగుతుంది కాబట్టి లేపాక రావు. పానా కదలకపోతే దాని మీద కాలితో తొక్కండి. తర్వాత జాకీ గుర్తు ఉన్న చోటే పెట్టి లేపండి. విప్పిన టైరును పక్కన పడేయకుండా కారు కిందికి తోయండి. జాకీ జారితే కారు దాని మీద ఆగుతుంది, మీ చెయ్యి మిగులుతుంది. కొత్త టైరు ఎక్కించాక నట్లు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, కారు దించి, మళ్ళీ ఒకసారి గట్టిగా బిగించండి. స్టెప్నీ మిగతా టైర్ల కంటే సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం, సాధారణంగా 80, దాటవద్దు. నెలకోసారి గాలి పట్టేటప్పుడు ఐదో టైరునూ చూపించండి.

ఏడో అడుగు: రాత్రి

కారు కొన్న రెండు నెలల దాకా రాత్రి ఊరు దాటవద్దని నా గట్టి సలహా. తర్వాత కూడా తెలిసిన రోడ్డుతో మొదలుపెట్టండి.

రాత్రి ఎదురుగా ఒక్క లైటే కనిపిస్తే బైక్ అనుకోవద్దు. కుడి లైటు చెడిపోయిన ట్రాక్టరో లారీయో అయి ఉండొచ్చు. అది రోడ్డు ఎంత మేర ఆక్రమించిందో తేలేదాకా ఎడమ అంచున నెమ్మదిగా ఉండండి. ముందు ఏ లైటూ కనిపించలేదంటే రోడ్డు ఖాళీ అనుకోవద్దు, వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి. మీ లైటు ఎంత దూరం పడుతుందో ఆ దూరంలో ఆగగలిగే వేగమే రాత్రి వేగం.

ఎదుటి బండి హై బీమ్‌లో వస్తే మీరు డిమ్ చేసి, ఒకసారి డిప్ కొట్టి గుర్తు చేయండి. అప్పటికీ తగ్గించకపోతే చూపును ఎడమ అంచున తెల్ల గీత మీద నిలిపి, వేగం తగ్గించండి. పోటీకి మీరూ హై బీమ్ వేస్తే రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్ళవుతారు. అద్దం లోపలి వైపు ఒకసారి తుడవండి. ఆ సన్నటి జిడ్డు పొర పగలు కనిపించదు, రాత్రి ప్రతి లైటునూ చీల్చి పరుస్తుంది.

పండుగ రాత్రుల్లో రోడ్డు బండ్లది కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం ఆడవాళ్ళు, పిల్లలు చెరువు గట్టు దాకా రోడ్డు మీదే నడుస్తారు. గణేశ్ నిమజ్జనం, పెళ్ళి బరాత్ కూడా అంతే. డీజే చప్పుడులో మీ హారన్ ఎవరికీ వినపడదు. లైట్లు డిమ్ చేసి, అద్దం దించి, మనిషి నడక వేగంతో వెళ్ళండి. లేదా ఆగిపోండి.

ఎనిమిదో అడుగు: వాన

వాన పడ్డ మొదటి పావుగంట రోడ్డు బాగా జారుతుంది. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము నీళ్ళతో కలిసి పైకి తేలుతాయి. వైపర్ రబ్బర్లు మే నెల ఎండకు గట్టిపడి ఉంటాయి కాబట్టి జూన్ రాకముందే మార్చుకోండి. ఏసీ వేసి గాలిని ముందు అద్దం వైపు తిప్పితే లోపలి మంచు పొర నిమిషంలో పోతుంది.

ఊళ్ళో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ముందే తెలుసుకోండి. వరంగల్ స్టేషన్ పక్కన అండర్ బ్రిడ్జి, నయీంనగర్ నాలా పరిసరాలు గట్టి వానకు మునుగుతాయి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వచ్చిన వరదలను చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. నీళ్ళు కారు డోర్ల కింది అంచు దాకా ఉంటే అందులోకి దిగవద్దు. అంతకంటే తక్కువ అయితే, ముందు బండి పూర్తిగా దాటేదాకా ఆగి, మొదటి గేరులో, యాక్సిలరేటర్ నిలకడగా పట్టుకుని, మధ్యలో ఆపకుండా దాటండి. దాటాక రెండుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

నీళ్ళల్లో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. ఈ వాక్యం ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. గాలి వెళ్ళాల్సిన సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటాయి. గాలిలా నీళ్ళు నలగవు. తాళం తిప్పిన మరుక్షణం లోపలి కడ్డీలు వంగిపోతాయి, ఇంజిన్ పోతుంది. మామూలు బీమాలో ఆ ఖర్చు చాలాసార్లు ఇవ్వరు. ఇంజిన్ రక్షణ కవర్ తీసుకోమన్నది ఇందుకే. అయినా కవర్ ఉంది కదా అని స్టార్ట్ చేసి చూడవద్దు. దిగి, నెట్టించి, వర్క్‌షాప్‌కు ఫోన్ చేయండి.

అన్నిటికంటే ప్రమాదం మత్తడి నీళ్ళు, అంటే చెరువు నిండి అలుగు మీదుగా పారే నీళ్ళు. ములుగు రోడ్డులో కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకితే నీళ్ళు జాతీయ రహదారి మీదుగానే పారతాయి. ఇలాంటి కల్వర్టులు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. చూడటానికి మోకాలి కింది దాకే ఉన్నట్టుంటుంది. కానీ పారే నీళ్ళు అడుగు ఎత్తు ఉన్నా చిన్న కారును పక్కకు తోసేయగలవు, రెండడుగులుంటే పెద్ద కారునూ ఎత్తుకుపోతాయి. పైగా కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో బురద నీళ్ళల్లో తెలియదు. పక్క బస్సు దాటింది కదా అని చూడకండి, బస్సు బరువు వేరు. తిరిగి వెళ్ళండి, లేదా ఊళ్ళో ఎవరింటి అరుగు మీదైనా కూర్చోండి. మన ఊళ్ళల్లో కూర్చోమనని ఇల్లు ఉండదు. పెళ్ళి ముహూర్తమైనా సరే, దాటిపోతే పోనివ్వండి.

తొమ్మిదో అడుగు: ఘాట్, జాతర, అడవి

కొండగట్టు ఘాట్ రోడ్డు మీద 2018 సెప్టెంబర్ 11న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఏ ఘాట్ దిగుతున్నా నాకు వాళ్ళు గుర్తొస్తారు. ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే గేరు, చాలా చోట్ల రెండోది. కారును గేరే పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు మాత్రమే వాడండి. బ్రేకు మీద కాలు పెట్టే దిగితే అది వేడెక్కి, సరిగ్గా కావాల్సిన మలుపు దగ్గర పట్టదు. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ఎప్పుడూ చేయవద్దు.

మేడారం జాతర రెండేళ్ళకోసారి. ఆ నాలుగు రోజుల్లో వెళ్ళే దారి, వచ్చే దారి వేరు చేస్తారు. ఆ ఏడాది పోలీసులు ప్రకటించిన దారి ముందురోజు చూసుకుని, ట్యాంకు ములుగుకు ముందే నింపుకుని, ఇద్దరు డ్రైవర్లుగా వెళ్ళండి. కొత్త డ్రైవర్ అయితే ఆర్టీసీ బస్సులో వెళ్ళడమే మంచిది. బస్సులు అమ్మవార్ల గద్దెలకు దగ్గరగా దింపుతాయి, మీకూ నిద్ర దొరుకుతుంది. మామూలు రోజుల్లో తాడ్వాయి అడవి దారిలో కోతులకు తిండి వేయడానికి ఆపకండి. ఒక అరటిపండు కోసం అవి రోడ్డు దాటడం అలవాటు చేసుకుంటే వాటి పిల్లలే టైర్ల కింద పడతాయి.

కారును చూసుకోవడం

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజిన్‌ను గట్టిగా లాగవద్దు, ఒకే వేగంలో గంటలు నడపవద్దు. మొదటి సర్వీస్ ఎప్పుడో పుస్తకంలో చూసుకుని ఆ తేదీకే చేయించండి.

మే నెలలో ఎండ 44 డిగ్రీలున్నప్పుడు బయట పెట్టిన కారులోకి ఎక్కగానే ఏసీ వేయకండి. నాలుగు అద్దాలూ దించి రెండు నిమిషాలు నడిపి, వేడి బయటికి పోయాక వేయండి. పిల్లల్ని "ఐదు నిమిషాలే" అని కారులో వదిలి దుకాణంలోకి వెళ్ళకండి. ఆ ఐదు నిమిషాల్లో లోపల వేడి బయటికంటే చాలా పెరిగిపోతుంది. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు వెళ్తే పక్కకు ఆపి ఇంజిన్ బంద్ చేయండి, రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకండి.

కారు వారం రోజులు కదలకుండా ఉంటే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మూడు రోజులకోసారైనా బానెట్ ఎత్తి చూడండి, కాసేపు నడపండి. హనుమకొండలో కోతులు అద్దాల్లో తమ బొమ్మ చూసుకుని వాటితో కొట్లాడుతాయి. పార్క్ చేశాక అద్దాలు మడిచి పెడితే ఆ ఖర్చు తప్పుతుంది.

ఏదైనా జరిగితే

ముందు ఆగండి. పారిపోతే తప్పు మీది కాకపోయినా కేసు మీదవుతుంది, అంతకంటే ముఖ్యంగా అవతల ఒక మనిషి ఉన్నారు. హజార్డ్ లైట్లు వేసి, గాయపడ్డవాళ్ళ కోసం 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 హెల్ప్‌లైన్ కూడా ఉంది, పోలీసులకు 112. వెన్ను దెబ్బ అనుమానముంటే, మంటల ప్రమాదం లేకపోతే, మనిషిని లాగకండి. నీళ్ళు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి పట్టండి.

జనం మూగుతారు, గొంతులు లేస్తాయి. ఆ సమయంలో వాదన పెట్టుకోవద్దు, తప్పు ఎవరిదో తేల్చవద్దు. బండ్లు ఉన్నచోటే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, భయం అనిపిస్తే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి విషయం చెప్పండి. బీమా కంపెనీకి ఆ రోజే తెలియజేయండి, వాళ్ళు చూడకముందు రిపేరు మొదలుపెట్టకండి. ఇతరుల ప్రమాదం మీ కంట పడితే కూడా ఆగండి. సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద చేసిన నిబంధనల్లో ఉంది. ఆ రాత్రి పరకాల రోడ్డు మీద నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పెద్దాయనకు ఈ చట్టం గురించి తెలిసి ఉండదు.

ఇంట్లోవాళ్ళ నంబర్లు రెండు, మీ రక్తం గ్రూపు, బీమా కంపెనీ నంబరు, 108, 112, 1033. ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, ఫోన్ పగిలేది కూడా అలాంటి రోజే.